కీబోర్డు మొరాయిస్తే జనాన్ని తిప్పి పంపాలా?

సంపాదకుడు గారికి,

మా మండల కేంద్రంలో రెండు రోజుల పాటు కుల, ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు తీసుకోలేదన్న వార్త గత వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. కారణం ‘సాంకేతిక సమస్య’ అని అధికారులు చెప్పిన మాటనే మీరూ ప్రచురించారు. ఆ రెండు రోజులూ మనవరాలి కాలేజీ ప్రవేశం కోసం వరుసలో నిలబడ్డవాణ్ణి, ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లలను తయారుచేసినవాణ్ణి కనుక, ఆ సమస్య ఏమిటో రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటి రోజు ఆపరేటరు అమ్మాయి ఎన్ని మీటలు కొట్టినా తెర మీద అక్షరం పడలేదు. అయితే విసిగి ఒక మీటను కాసేపు నొక్కి పట్టినప్పుడు మాత్రం పడింది. రెండో రోజు కొత్త కీబోర్డు తెచ్చి తగిలించినా అదే తీరు. అంటే తప్పు కీబోర్డుది కాదు. కుడి వైపు షిఫ్టు మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే విండోస్‌లో ‘ఫిల్టర్ కీస్’ అనే సదుపాయం గురించి ఒక ప్రశ్న తెర మీదికి వస్తుంది. పని తొందరలో దాన్ని చదవకుండా అవునని నొక్కేస్తే, ఆ తరువాత వేగంగా కొట్టే మీటలను కంప్యూటర్ లెక్కలోకి తీసుకోదు. చేతులు వణికేవారికి, పొరపాటున మీటలు తగిలేవారికి అది ఎంతో మేలు చేసే ఏర్పాటు. మన కౌంటర్లలో ఇది పొరపాటున ఆన్ కావడానికి ప్రత్యేక కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వం 1986లోనే ప్రమాణంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు పద్ధతిలో అ, ఆ, ఇ, ఈ వంటి అచ్చులు దాదాపు అన్నీ ఎడమ చేతి కింద, షిఫ్టుతో కలిసి వస్తాయి. కుడి షిఫ్టు మీద వేలు ఉంచి, ‘ఇంటి పేరు ఏమన్నారు?’ అని తలెత్తి అడిగేలోపు ఆ 8 సెకన్లు గడిచిపోతాయి.

దీన్ని తీసివేయడానికి కూడా అదే మీటను మళ్లీ 8 సెకన్లు పట్టుకుంటే చాలు. కిటికీ దగ్గర నుంచే ఆ మాట చెప్పాను. ‘టెక్నీషియన్ వచ్చేదాకా సెట్టింగులు ముట్టుకోవద్దన్నారు, సార్’ అని ఆ అమ్మాయి నిస్సహాయంగా బదులిచ్చింది. ఆమెను నేను తప్పు పట్టను. మూడో రోజు జిల్లా కేంద్రం నుంచి వచ్చిన టెక్నీషియన్ నిమిషంలో సరిచేసి వెళ్లాడు. ఆ నిమిషం కోసం కూలి మానుకుని వచ్చిన తల్లులు రెండు రోజులు పొద్దస్తమానం నిలబడి, చార్జీలు పెట్టుకుని ఉత్త చేతులతో తిరిగి వెళ్లారు. మౌస్ పనిచేస్తూనే ఉంది కనుక తెర మీద కనిపించే కీబోర్డుతో నెమ్మదిగానైనా దరఖాస్తులు తీసుకోవచ్చన్న సంగతి కూడా అక్కడ ఎవరికీ తెలియదు.

అన్ని మొరాయింపులూ ఇదే కారణంతో రావు. నమ్‌లాక్ మీటను కాసేపు నొక్కి పట్టినా దీపం మారకపోతే తీగను, దాన్ని గుచ్చే యూఎస్‌బీ పోర్టును చూడాలి. భోజన విరామం తరువాత మాత్రమే బిగుసుకుపోతుంటే విద్యుత్ ఆదా కోసం ఆ పోర్టును కంప్యూటరే నిద్రపుచ్చుతోందేమో గమనించాలి. తీగ లేని కీబోర్డయితే కంప్యూటర్‌కు గుచ్చే దాని చిన్న రిసీవరును ఇనుప క్యాబినెట్ వెనక నుంచి ముందు వైపుకు మార్చి చూడాలి. వీటిలో ఏదీ ఇంజనీరు చదువు కోరే పని కాదు. మా ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన పిల్లలకు మొదట మిషన్ మీద దుమ్ము దులపడం, రిబ్బన్ ఎక్కించడం నేర్పి, ఆ తరువాతే అక్షరాల మీద వేళ్లు పెట్టించేవాళ్లం. ఇప్పుడు లక్షలు పోసి యంత్రాలు కొంటున్న శాఖలు, వాటి ముందు కూర్చునే మనిషికి ఒక పూట శిక్షణ ఇవ్వడానికి వెనకాడుతున్నాయి. పైగా నేర్చుకున్నది చేసే అధికారం కూడా ఇవ్వడం లేదు. ఏ శాఖకు వెళ్లినా ‘సిస్టమ్ పనిచేయడం లేదు, రేపు రండి’ అన్న మాట అలవాటుగా మారిపోయింది.

వచ్చే ప్రవేశాల కాలానికి ముందే కలెక్టరు గారు ప్రతి కౌంటరు దగ్గర ఈ జాగ్రత్తలను తెలుగులో రాసిన ఒక కాగితం అతికించాలని, తీగ ఉన్న కీబోర్డు ఒకటి అదనంగా ఉంచాలని, ఈ చిన్న మరమ్మతులు చేసుకోవడానికి ఆపరేటర్లకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టైపు శిక్షకుడు