బీకాం పిల్లలకు పత్తి లెక్క నేర్పండి

సంపాదకుల వారికి,

డిగ్రీ ప్రవేశాల దోస్త్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, ఉమ్మడి వరంగల్ జిల్లాలో కామర్స్ వైపు వెళ్లే పిల్లల ఇళ్లలో ఒకటే తర్జనభర్జన: బీకాం జనరలా, కంప్యూటర్ అప్లికేషన్సా? ఏది తీసుకున్నా మంచిదే. డిగ్రీ చేతికొచ్చాక ఆడిటర్ ఆఫీసులోనో జిన్నింగ్ మిల్లులోనో ఈ పిల్లలు తడబడేది కంప్యూటర్ ముందు కాదు. ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో వోచర్ (ఒక్కో లావాదేవీ నమోదు) కొట్టడం కొద్ది రోజుల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. చేతిలో ఉన్న కాగితం ఏ ఖాతాకు వెళ్లాలి, వెళ్లింది సరైందేనా అని సరిచూడటమే రావడం లేదు. కాలేజీలు దీన్ని నేర్పాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, వరంగల్‌లో పత్తి అమ్మకాలు జరిగే ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న మిల్లు ఒక రైతు దగ్గర 100 క్వింటాళ్ల పత్తి క్వింటాలు 7,000 రూపాయల చొప్పున కొన్నదనుకుందాం. సరుకు విలువ 7,00,000. రైతుకు జీఎస్టీ నంబరు ఉండదు, అతను పన్ను వసూలు చేయడు. ముడి పత్తి మీద 5 శాతం పన్ను కొన్నవాడే కట్టాలి. రివర్స్ చార్జ్ అనే ఈ పద్ధతి పత్తికి 2017 నవంబర్ 15 నుంచి ఉంది. అంటే కేంద్రానికి సీజీఎస్టీ 17,500, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ 17,500, మొత్తం 35,000. రైతు ఇన్‌వాయిస్ ఇవ్వడు కనుక మిల్లే 30 రోజుల్లోగా సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసుకోవాలి. తక్‌పట్టీ (మార్కెట్‌లో అమ్మకానికి ఇచ్చే చీటీ) ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు, అది ఆధారం మాత్రమే. ఈ పన్నును క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టి, తర్వాత కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే పన్ను) లెడ్జర్‌లో ఉన్న నిల్వతో కట్టనివ్వరు. చలానా తీసి క్యాష్ లెడ్జర్‌లో డబ్బు వేసి కట్టాలి. పన్ను చెల్లించే రిటర్న్ జీఎస్టీఆర్-3బీలో 3.1(డి) గడిలో చూపించి, అదే రిటర్న్‌లో 4(ఎ)(3) గడిలో క్రెడిట్ తీసుకోవచ్చు.

తప్పు జరిగేది ఇక్కడే. కట్టింది ఎలాగూ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కదా అని రెండు గళ్లూ ఖాళీగా వదిలేస్తారు. నికరం సున్నా అయినా శాఖ దృష్టిలో అది కట్టని పన్నే, నోటీసు వడ్డీతో వస్తుంది. ఇంకొందరు 35,000ను పత్తి ఖరీదులో కలిపేసి, అవతల క్రెడిట్ కూడా తీసుకుంటారు. దాంతో కొనుగోళ్లూ ముగింపు సరుకూ రెండూ తప్పుతాయి. నగదు సంగతి మరొకటి. పంట పండించిన రైతుకు నగదు ఇచ్చినా ఖర్చు చెల్లుతుంది. హమాలీ మేస్త్రీకి ఒకే రోజు 10,000 దాటి, లారీ కిరాయికి 35,000 దాటి నగదు ఇస్తే మాత్రం ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. ఒక్క పత్తి కొనుగోలులో ఇన్ని పాఠాలున్నాయి. మన క్లాసుల్లో మాత్రం ఇంకా రాము సోముకు సరుకు అమ్ముతూనే ఉన్నాడు.

ట్యాలీ గురించి ఒక మాట. చేత్తో రాసే రోజుల్లో ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టిక) కలవకపోతే రాత్రంతా వెతికేవాళ్లు, ఆ వెతుకులాటలోనే అకౌంట్స్ వచ్చేది. సాఫ్ట్‌వేర్ డెబిట్, క్రెడిట్ సమానం కాని వోచర్‌ను తీసుకోదు కనుక ట్రయల్ బ్యాలెన్స్ ఎప్పుడూ కలుస్తుంది. కలిసింది కాబట్టి లెక్క సరిగ్గా ఉందనుకోవడం పెద్ద ప్రమాదం. మిల్లుకు కొత్త యంత్రం కొని దాన్ని కొనుగోళ్ల ఖాతాలో వేసినా ట్యాలీ కిక్కురుమనదు. లాభం తగ్గిపోతుంది, ఆస్తి కనిపించదు, 15 శాతం తరుగుదల పోతుంది. (ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే వస్తుందన్నది కూడా చాలామందికి తెలియదు.)

ఇంటర్వ్యూకు వచ్చిన పిల్లవాడికి రెండు పనులిచ్చి చూస్తే అరగంటలో తేలిపోతుంది. మొదటిది బ్యాంకు స్టేట్‌మెంట్‌కూ క్యాష్ బుక్‌కూ పొంతన కుదర్చడం. పాత తేడాలు, అంటే చెల్లింపునకు రాని చెక్కులు, బ్యాంకు చార్జీలు పుస్తకంలో ఉన్నవే. ఇప్పటి తేడా క్యూఆర్ కోడ్ డబ్బులది. దుకాణంలో ఆ రోజు ఎనభై బిల్లులైతే బ్యాంకులో ఒకే మొత్తంగా పడొచ్చు, అదీ మర్నాడు. మార్చి 31 అమ్మకం ఏప్రిల్ 1న జమైతే దాన్ని ఏ సంవత్సరంలో చూపాలో చెప్పగలగాలి. రెండోది కొనుగోళ్ల రిజిస్టర్‌ను, అమ్మినవాళ్ల రిటర్న్‌ల నుంచి మనకొచ్చే క్రెడిట్ల పట్టిక అయిన జీఎస్టీఆర్-2బీతో సరిచూడటం. నెల నెలా 14న తయారయ్యే ఆ పట్టికలో మన బిల్లు కనిపించకపోతే కారణం కనిపెట్టాలి. అమ్మినవాడు మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాడా, మన జీఎస్టీ నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడా, రిజిస్ట్రేషన్ లేని గిరాకీకి అమ్మినట్టు చూపాడా? ఆ ఆర్థిక సంవత్సరపు క్రెడిట్‌కు మరుసటి నవంబర్ 30 గడువు. వార్షిక రిటర్న్ అంతకుముందే వేసేస్తే గడువు కూడా అప్పుడే ముగుస్తుంది. అమ్మినవాడికి 180 రోజుల్లో డబ్బు కట్టకపోయినా తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కివ్వాలి.

ఇక సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ). బీకాం అయ్యాక చూద్దాంలే అనేవాళ్లకు ఒక లెక్క తెలియాలి. సీఏ తొలి దశ ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో దశ ఇంటర్మీడియట్‌లో చేరాలంటే కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం ఉండాలి. మొదటి ఏడాది లాంగ్వేజీలను నిర్లక్ష్యం చేసి సగటు దించుకున్నవాళ్లు ఇక్కడ చిక్కుకుంటారు. డిగ్రీ చివరి ఏడాదిలోనే తాత్కాలికంగా రిజిస్టర్ చేసుకోవచ్చు, ఆ వెసులుబాటును వాడుకునేవాళ్లు తక్కువ. ఫౌండేషన్ దారిలో వెళ్లేవాళ్లకు నాలుగు పేపర్లు. సీఈసీ పిల్లలకు గుదిబండ మూడో పేపర్, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్. అందులో గణితం, స్టాటిస్టిక్స్ కలిపి 80 మార్కులు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఏ దశలోనైనా పేపర్‌కు 40 శాతంతో పాటు మొత్తం మీద 50 శాతం రావాలి. 2023 జూలై నుంచి అమలైన కొత్త విధానంలో ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసైతేనే ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పని శిక్షణ. దాని కాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. పని నేర్చుకోవడానికి హైదరాబాద్‌కే పోవాలన్న పట్టుదల వద్దని మా సలహా. పెద్ద సంస్థలో రెండేళ్లూ ఒకే రకం ఆడిట్‌తో సరిపోవచ్చు. ఇక్కడి చిన్న ఆఫీసులో పన్ను రిటర్న్, బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్, సొసైటీ ఆడిట్ అన్నీ చేతి మీదుగా పోతాయి.

ఉత్తర తెలంగాణలో సీఎంఏను (కాస్ట్ అకౌంటెన్సీని) తక్కువగా చూస్తున్నారు, ఇది సరికాదు. డిగ్రీ ఉంటే నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు, పరీక్షలు జూన్, డిసెంబర్‌లో. విద్యుత్తు, ఎరువుల కంపెనీలు నిర్ణీత టర్నోవర్ దాటితే వ్యయ రికార్డులు రాయాలని 2014 నిబంధనలు చెబుతున్నాయి. రామగుండంలో ఆ రెండూ ఉన్నాయి. సింగరేణి ఫైనాన్స్ విభాగంలో మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులకూ సీఏ లేదా సీఎంఏ అడుగుతారు. గ్రూప్-3లో సీనియర్ అకౌంటెంట్ లాంటి పోస్టులున్నా అక్కడ మూడు పేపర్లూ జనరల్ స్టడీస్, చరిత్ర, ఆర్థిక వ్యవస్థ మీదే. బీకాం చదివినంత మాత్రాన ప్రత్యేక లాభం లేదు. సొంతంగా ఆఫీసు పెట్టుకోవాలనుకునే కామర్స్ గ్రాడ్యుయేట్ జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావొచ్చు, పరీక్షలో 50 శాతం తెచ్చుకోవాలి.

పాత పుస్తకాలతో ఆదాయపు పన్ను చదివేవాళ్లు ఒకటి గమనించాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం వర్తిస్తుంది. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ పోయి ట్యాక్స్ ఇయర్ ఒక్కటే ఉంటుంది, సెక్షన్ నంబర్లు దాదాపు అన్నీ మారాయి. సీనియర్ల నోట్స్ జిరాక్సులు ఇక ఈ పేపర్‌కు పనికిరావు.

కాకతీయ విశ్వవిద్యాలయం కామర్స్ విభాగానికి మా వినతి: ప్రాజెక్టు రిపోర్టుల పేరుతో ఏటా అవే పేజీలు బైండింగ్ చేయించడం ఆపి, చివరి ఏడాది పిల్లలను వరుసగా రెండు నెలలు 5 నుంచి 22వ తేదీ వరకు స్థానిక ఆడిటర్లు, పన్ను ప్రాక్టీషనర్ల దగ్గర కూర్చోబెట్టండి. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) చెల్లింపు, 11న అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1, 14న 2బీ, 20న 3బీ, మూడు నెలలకోసారి వేసేవాళ్లది 22న. పని ఒత్తిడి, తప్పులు, సవరణలు అన్నీ ఆ రోజుల్లోనే కళ్లబడతాయి. మార్కులు రిపోర్టు మందాన్ని బట్టి కాకుండా, విద్యార్థి స్వయంగా చేసిన ఒక బ్యాంకు పొంతన పట్టిక, ఒక 2బీ సరిపోలిక మీద వేయండి. క్లాసులో వాడే తక్‌పట్టీలు, బిల్లుల జిరాక్సుల మీద రైతు పేరు, ఫోన్, ఖాతా నంబర్లు, వ్యాపారి జీఎస్టీ నంబరు నల్ల సిరాతో కొట్టేసి తీసుకోవాలి. ఆ షరతు ముందే చెబితే మార్కెట్‌లో కాగితాలు ఇవ్వడానికి వెనుకాడేవాళ్లు తగ్గుతారు.

— కొందరు కామర్స్ అధ్యాపకులు, హనుమకొండ