పేటెంటుకు ఇంగ్లీషే అక్కర్లేదు

సంపాదకులకు,

ఇంగ్లీషు రాకపోతే పేటెంటుకు దరఖాస్తు చేయలేమన్నది అపోహ. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు ఏ భాషలో ఇచ్చినా తీసుకుంటుంది. దాఖలు తేదీ ఆ మూలప్రతితోనే ఖాయమవుతుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్‌లలో ఒకదానిలోకి అనువాదం 2 నెలల్లో అందాలి. దాటితే నోటీసు, మరో 2 నెలలు. అదీ దాటితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

అసలు తంటా క్లెయిముల్లో, అంటే దేనికి రక్షణ కోరుతున్నామో చెప్పే వాక్యాల్లో. ‘పంపు, వాల్వు గల యంత్రం’ అని రాస్తే అదనంగా ఇంకేమున్నా రక్షణ వర్తిస్తుంది. అనువాదంలో అది ‘పంపు, వాల్వు మాత్రమే గల’ అయిందో, పోటీదారు ఒక ఫిల్టరు తగిలించి తప్పించుకుంటాడు! ఆఫీసులో దరఖాస్తుపై విచారణ సాగుతున్నంత కాలం అనువాదాన్ని మూలానికి సరిపోయేలా దిద్దుకోవచ్చు. మూలంలో లేనిదాన్ని మాత్రం తర్వాత చేర్చనివ్వరు. అందుకే, ఎంత తొందరున్నా, మూలప్రతిలో కొలతలూ కూర్పులూ ఒక్కటీ వదలకండి.

— ఒక పేటెంట్ అనువాదకుడు