నా నోట్‌బుక్కులు ఆరబెట్టిన పిల్లలకు

2023 జూలై 27 తెల్లవారుజామున మా హనుమకొండ ఇంట్లోకి నాలా నీళ్లొచ్చాయని తెలిసి చాలామంది ఫోన్ చేశారు. ఇద్దరం బాగానే ఉన్నాం. ఈ నాలుగు మాటలు మా వెనక గల్లీలో రూములు కిరాయికి తీసుకుని గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లల కోసం.

ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది ఆ రోజే. మేం బియ్యం, మందులు, మా ఆయన రిపోర్టులు మంచం మీదికి ఎక్కించాం. కింది అరలో ఇరవై రెండేళ్ల నోట్‌బుక్కులున్న సంగతి మోకాళ్ల దాకా నీళ్లొచ్చాక గుర్తొచ్చింది. బస్సులో విన్న మాటలు, కూరగాయలమ్మే అవ్వ గోస, బడి మానేసిన ఆడపిల్లల సంగతులు. వాటిలో అచ్చయినవి కొన్నే.

నీళ్లు తగ్గగానే ఆ పిల్లలు పారలు, చీపుర్లు పట్టుకుని వచ్చారు. అప్పటికి గ్రూప్-2 పరీక్ష ఆగస్టు 29, 30 తేదీల్లో అని ప్రకటించి ఉంది, చేతిలో నెల రోజులే. అయినా వచ్చారు. నోట్‌బుక్కులు ఎండలో పెట్టబోతుంటే ఒకబ్బాయి ఆపాడు.

"ఎండల పెడితే వంకర పోతయి మేడం. నీడకే ఆరాలె."

పదేసి పేజీల మధ్య పాత న్యూస్‌పేపర్ పెట్టడం, అది తడి పీల్చుకున్నాక తీసి పొడిది పెట్టడం. కరెంటు వచ్చాక ఫ్యాన్ చిన్నగా తిప్పి, రెండు రాత్రులు వంతులేసుకుని చేశారు. బాల్‌పెన్నుతో రాసినవి దాదాపు అన్నీ నిలిచాయి. ఇంకుపెన్ను పేజీలు నీలంగా అలుక్కుపోయాయి. వాటినీ పారేయనివ్వలేదు. ఆ అబ్బాయి ఒక్కో పేజీ ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి, కనిపించిన మాట చదివి, కనిపించనిది నన్నడిగి పక్కన పెన్సిల్‌తో రాశాడు.

అతనిది భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి. అదే తెల్లవారుజామున వాగు ఊరి మీద పడితే జనం మేడలెక్కారు, హెలికాప్టర్లు, పడవలు వెళ్లి బయటికి తెచ్చాయి. అమ్మానాన్న క్షేమమని కబురొచ్చింది కానీ, రోడ్లు తెగి పోలేకపోయాడు. "చేతులు ఖాళీగుంటే టెన్షనైతాంది మేడం" అన్నాడు. ఆ ఇంట్లో ఏం మిగిలిందో అడగాలని నాకు తోచలేదు. అది నన్ను ఇంకా బాధపెడుతోంది.

బురద ఎత్తిన మున్సిపాలిటీ కార్మికులకు, మూడు పూటలా సర్వపిండి, అన్నం పంపిన ఎదురింటి వదినకు చేతులెత్తి దండం.

ఒక చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు పోయేలా కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల ఇది. ఆ నీటి దారికి అడ్డంగా కట్టుకున్న ఇళ్లలో మాదీ ఒకటి. 2020 ఆగస్టులో వరదొచ్చినప్పుడు నాలాల గురించి పెద్ద వ్యాసం రాశాను, అందులో మా ఇంటి మాట రాయలేదు. మా పై పోర్షన్‌కు 'ఫ్యామిలీలకు మాత్రమే' అని బోర్డు పెట్టించింది కూడా నేనే. మొన్న తీసేశాను.

ఆ అబ్బాయి నిన్న ఊరి నుంచి వచ్చాడు. పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు ఇనుప పెట్టెలోనే తడిశాయట. ఇప్పుడవి మా టేబుల్ మీద, పాత పేపర్ల మధ్య ఆరుతున్నాయి. రాత్రి రెండుసార్లు లేచి పేపర్లు మార్చాను.