మా నాయనకి 30 సిట్టింగులూ అయిపోయాయి

నిన్నటితో మా నాయన రేడియేషన్ పూర్తయింది. రేపు నెల్లూరులో గది ఖాళీ చేసి ఉదయగిరి పోవాలి. నిద్రలేక కళ్లు మూతలు పడుతున్నాయి గానీ, రేడియేషన్ చూసిన డాక్టరమ్మ గురించి నాలుగు మాటలు రాయకుండా ఊరికి పోబుద్ధి కావడం లేదు. పేరు రాయొద్దన్నారు, రాయను.

మనవైపు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు. పెట్టేది మెషినే కదా, డాక్టర్ చేసేదేముంది అనుకునే వాళ్లున్నారు. చెప్తా వినండి. నాయనకి ఎడమ బుగ్గ లోపల క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత 60 గ్రే రాశారు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత). రోజుకి 2 చొప్పున, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. ముందు మాస్క్ చేయాలి. చిల్లుల ప్లాస్టిక్ షీటుని దాదాపు 70 డిగ్రీల వేడి నీళ్లలో మెత్తబరిచి, ముఖం మీద నుంచి భుజాల దాకా లాగి బల్లకి బిగిస్తారు. అది గట్టిపడే దాకా పది నిమిషాలు కదలకూడదు. ఊపిరాడదేమోనని నాయన బెదిరిపోయాడు. ఆమె టెక్నీషియన్లకి వదిలేసి పోలేదు. పక్కనే నిలబడి చెయ్యి పట్టుకున్నారు. "పెద్దాయనా, నేనిక్కడే ఉండా. ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి" అంటానే ఉన్నారు.

ఆ మాస్క్‌తోనే సీటీ స్కాన్ తీస్తారు. 3 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున వందకి పైగా బొమ్మలు. గడ్డ తీసిన చోటు, మెడలో బిళ్లలు, వెన్నుపాము, లాలాజల గ్రంథులు, అన్నీ బొమ్మ బొమ్మకీ ఆమె చూసి, డోసు ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో గీత గీయాలి. వెన్నుపాముకి ఎక్కడా 45 గ్రే దాటనివ్వరు. చెవి కింది లాలాజల గ్రంథికి సగటు 26 గ్రే లోపు ఉంటే తర్వాత నోట్లో తడి మిగులుతుంది. "ఎడమది కష్టం, కుడిదన్నా కాపాడదాం" అన్నారు.

మూడో వారానికి నోరంతా పుండై, నాయన 58 కిలోల నుంచి 52కి దిగాడు. మాస్క్‌కీ దవడకీ మధ్య వేలు దూరేంత సందు. ఆ శుక్రవారం మెషిన్ మీద ముందుగా తీసే స్కాన్ చూసి ఆమె సిట్టింగ్ ఆపించారు. మనిషి చిక్కితే గ్రంథి లోపలికి జరిగి ఎక్కువ డోసు పడే చోటికి వస్తుంది, మాస్క్ వదులైతే తల కదిలి గురి తప్పుతుంది. అదే సాయంత్రం కొత్త మాస్క్, కొత్త సీటీ. రాత్రి పది దాకా కూర్చుని అన్ని బొమ్మలూ మళ్లీ గీశారు. మధ్యలో రోజులు పోతే మిగిలిన క్యాన్సర్ కణాలు పుంజుకుంటాయి, అందుకే ఆ తొందర. సోమవారానికి కొత్త ప్లాన్ సిద్ధం. పోయిన సిట్టింగ్‌ని తర్వాత ఒకరోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పెట్టి సరిచేశారు.

ఆ రాత్రి గదిలోంచి బయటికొచ్చి, వరండాలో మమ్మల్ని చూసి, "పెద్దాయన జావ తాగారా?" అని అడిగారు. తన అన్నం క్యారియర్ ఇంకా విప్పనే లేదు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఇక ఆగలేదు.

అమ్మ, తమ్ముడు, బావ రాత్రింబవళ్లు ఉన్నారు. వాళ్లకి నేను చెప్పేదేముంది.

ఒక్క బాధ మాత్రం చెప్పాలి. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలంటారు. ఆరోగ్య కార్డు మీద అప్రూవల్‌కి మాత్రం ఒకరోజు ఫొటో సరిగా లేదని, ఇంకోరోజు రిపోర్ట్ అప్‌లోడ్ కాలేదని పన్నెండు రోజులు తిప్పారు. ఆ పన్నెండు రోజులు ఎవరిస్తారు? పావుగంట చికిత్సకి మెట్ట ప్రాంతం నుంచి అంత దూరం రోజూ రాలేక, నోటి పుండుతో బస్సెక్కలేక మధ్యలో మానేసిన వాళ్లని ఈ వరండాలోనే చూశాం. వాళ్లకి గది అద్దె ఇచ్చే దారి లేదా?

అయ్యో, ఫిజిక్స్ సార్‌ని మర్చిపోయా. కొత్త ప్లాన్‌కి ఆ శని, ఆదివారాలు కూర్చుని డోసు లెక్క కట్టి, మెషిన్ మీద సరిచూసింది ఆయనే. పళ్ల డాక్టర్ గారు రేడియేషన్‌కి రెండు వారాల ముందే పుచ్చిపళ్లు నాలుగూ తీసేశారు. రేడియేషన్ పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక మానదట, ఇకమీదట తనకి చెప్పకుండా ఎక్కడా పీకించొద్దని డాక్టరమ్మ చీటీ రాసిచ్చారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రెండు గంటలకోసారి పుక్కిలించమని దగ్గరుండి నేర్పిన నర్సమ్మకి దండాలు.

ఇంకా ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ఆటో అన్న. నాయనకి మెడ అదిరితే మంటని గుంతల దగ్గర దిగి చూసి మరీ నడిపాడు. ఆయన నంబరు తీసుకోలేదు.