వీడియో చూసి వస్తున్నవారికీ, ఎప్పటినుంచో వస్తున్నవారికీ

అందరికీ నమస్కారం. విశాఖ వన్‌టౌన్‌లో మా చేపల భోజనం మెస్ మీద ఈ మధ్య రెండు వీడియోలు బాగా తిరిగాయి. ఒకదాంట్లో మా కోనాం (వంజరం చేప) పులుసును ఆకాశానికెత్తారు. ఇంకోదాంట్లో "సముద్రం పక్కనే ఉండి చెరువు చేప పెడుతున్నారు, మోసం" అన్నారు. మీలో చాలామంది ఫోన్ చేసి అడిగారు. కొందరైతే కామెంట్లలో నా తరఫున గొడవకే దిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చేప సంగతి చెబుతాను. ఆ రెండో వీడియో తీసింది మే నెలలో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చే నెత్తళ్లు, కవళ్లు ఏ కాస్తో దొరుకుతాయి. మిగతాదంతా శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపే. పొద్దున్నే బోర్డు మీద మేం అదే రాస్తాం, ఆ రోజూ రాశాం. వీడియోలో బోర్డు పడలేదు, పళ్లెం మాత్రమే పడింది.

అయితే ఆ వీడియో కిందే ఎవరో జాలరి కుర్రాడు నిషేధం ఎందుకో, ఆ రెండు నెలలు వాళ్లింట్లో ఎలా గడుస్తుందో ఓపిగ్గా రాశాడు. అతనెవరో నాకు తెలియదు. అది చదివి "మాకిన్నాళ్లూ తెలియదు" అన్నవాళ్లు బోలెడుమంది. కౌంటర్ దగ్గర నిలబడి అంతమందికి నేనెప్పటికి చెప్పగలను? బాబూ, ఇది నీ కంట పడితే ఒకసారి భోజనానికి రా.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఇదివరకు ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండ్‌లో దిగి, మంచి భోజనం ఎక్కడని ఆటో అన్నని అడిగేవారు. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక ఫోన్‌నే అడుగుతున్నారు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ ఆపేశారు, జులైకల్లా ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చేశాయి. ఇప్పుడు ఆటో అన్న కూడా రీల్ చూసుకునే జనాన్ని ఇక్కడికి తెస్తున్నాడు. వ్యాపారం పెరిగింది, కాదనను. కానీ వచ్చినవాళ్లంతా వీడియోలో చూసిందే కావాలంటారు. నిషేధంలోనూ రోజూ కోనాం పెట్టాలంటే ఎప్పటిదో ఐసు చేప తేవాలి. నేను తేను. హార్బర్ వేలంలో ఏది బాగుంటే అదే మా పొయ్యి మీదకెక్కుతుంది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది వేరే. మా వంటింట్లో చేపలు శుభ్రం చేసే ఒకావిడ ఇక్కడ పనిచేస్తున్నట్టు ఊళ్లో వాళ్లవాళ్లకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది ఆవిడ సొంత విషయం. ఎవరో లోపలికొచ్చి అడక్కుండా తీసిన వీడియోలో ఆవిడ మొహం పడింది. రాత్రికల్లా ఊరంతా చూసేసింది. ఆవిడ కొన్నాళ్లు పనిలోకి రాలేదు. తీసినవాళ్లకి దురుద్దేశం లేదు, అడగ్గానే తీసేశారు కూడా. కానీ అప్పటికే అది వాట్సాప్‌లో ఎన్ని ఫోన్లకి పోయిందో! ఇకనుంచి వంటింట్లో కెమెరా వద్దు. మీ పళ్లెం, మీ బల్ల ఎంతసేపైనా తీసుకోండి. పక్క బల్లమీద తింటున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పిల్లలు పడితే మాత్రం అడ్డం వచ్చి ఆపుతాను, కోపం తెచ్చుకోకండి.

డబ్బిస్తే మంచి వీడియో చేస్తామని, ఆ చెడ్డ వీడియో కిందకి పోయేలా యాభై మంచి రివ్యూలు రాయిస్తామని కూడా ఫోన్లు వస్తున్నాయి. ఇవ్వను. డబ్బో, ఉచిత భోజనమో తీసుకుని పొగిడితే ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. రూలు లేకపోయినా నా మాట ఇదే. ఐదు నక్షత్రాలిస్తే డిస్కౌంటు అని మా గోడమీద ఎప్పటికీ కనపడదు.

మీరు రాసేది నాకు నిజంగా పనికొస్తుంది. "మెట్టు ఎత్తుగా ఉంది, మా నాన్నగారు ఎక్కలేకపోయారు" అని ఒకరు మూడు నక్షత్రాలిచ్చారు. ఇప్పుడక్కడ పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో పాత ధరల బోర్డు ఫొటోలు కొన్ని ఉన్నాయి. అవి కస్టమర్లు పెట్టినవి, ఫిర్యాదు చేయగలనే గానీ నాకై నేను తీసేయలేను. వాటితో కౌంటర్ దగ్గర రోజూ పేచీయే. మీరు పెట్టిన పాత ఫొటో ఉంటే దయచేసి తీసేయండి. కొత్తది పెడితే ఏ నెలలో తిన్నారో, ఏ చేపో కూడా రాయండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయండి.

పోర్టు, హార్బర్ పనివాళ్లకి భోజనానికి దొరికేదే అరగంట. రీల్స్ చూసి వచ్చినవాళ్ల వరుస వెనక వాళ్లు నిలబడి, తినకుండానే వెళ్లిపోవడం చూశాను. అందుకని 12 నుంచి 1 దాకా లోపలి బల్లలు వాళ్లలాంటి నెలవారీ ఖాతాదారులకే. మిగతావాళ్లు ఒంటిగంట దాటాక రండి, పార్సిల్ ఎప్పుడైనా ఇస్తాం.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు బయల్దేరతాయి, సరుకు ఒడ్డుకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. కోనాం, చందువా దొరికిన రోజు పొద్దున్నే బోర్డు ఫొటో మన వాట్సాప్ గ్రూపులో పెడతాను. అది చూసుకుని బయల్దేరండి.