ఎర్రపప్పు పండించిన పెద్దాయన: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా / అమ్మా,

కెనడాలోని సస్కాచువాన్ నుంచి రాస్తున్నాను. పోయిన నెల రోజ్‌టౌన్ దగ్గర ఒక రైతు కన్నుమూశాడు. ఎనభై రెండేళ్లు. ఆయనెవరో మీకు తెలియదు గానీ, 2017 డిసెంబరులో మీ శాఖ ఎర్రపప్పు (మసూర్) మీద వేసిన 30 శాతం దిగుమతి సుంకం ఆయనకు బాగా తెలుసు.

సస్కటూన్‌లో చదువుకునే రోజుల్లో కోతల కాలంలో ఆయన లారీ నడిపాను. తాత పది డాలర్లు కట్టి తీసుకున్న 160 ఎకరాలతో మొదలైన వ్యవసాయం వాళ్లది. తండ్రి దాకా గోధుమే, మరుసటి ఏడు బీడు. 1978లో ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 'లెయిర్డ్' అనే మసూర్ రకం విడుదల చేశాక, బీడు పెట్టే నేలలో ఈయన దాన్ని చల్లి చూశాడు. ఎర్ర రకాలు తర్వాత వచ్చాయి.

ఇక్కడి నేల ప్రతి ఏడాదీ మంచు కరగ్గానే రాళ్లను పైకి కక్కుతుంది. మసూర్ మొక్క మోకాలెత్తు కూడా ఉండదు. హార్వెస్టర్ కత్తి నేలను గీరుకుంటూ పోవాలి, ఒక్క రాయి తగిలితే విరుగుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ రాళ్లేరేవాళ్లు, ఆపైన రోలర్ తిప్పేవాళ్లు. చలికాలం రాత్రుళ్లు పెరట్లో పైపుతో నీళ్లు పట్టి, ఆడపిల్లలకు హాకీ ఆడుకోను మంచు గచ్చు కట్టేవాడట. భార్య సస్కటూన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉన్న మూడేళ్లూ, నూరు కిలోమీటర్లకు పైగా ఆ మంచులో రోజు విడిచి రోజు వెళ్లొచ్చాడు.

ఇంతకీ ముప్పై ఏళ్లు పండించిన ఆ పప్పును మా అమ్మ వడ్డించేదాకా ఆయన ఎన్నడూ తినలేదు! మా అమ్మ తాండూరు నుంచి వచ్చినప్పుడు, ఆయన గాదెలోని గింజలనే చేత్తో పప్పుగా విసిరి పప్పుచారు పెట్టింది. "తినున్రి అన్నా" అంటూ రెండోసారి వడ్డించింది. ఆయనకు భాష రాదు, గిన్నె మాత్రం ఖాళీ చేశాడు.

సుంకం పడిన రోజు ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నా. "మీ నాన్న కందులకు ధరెంత వచ్చింది?" అనడిగాడు. నాన్న కథ వేరే. 2015లో కందిపప్పు కిలో రెండొందలకు చేరువైందని మరుసటేడు ఊరంతా కంది వేసింది. పంట విరగకాసింది, మద్దతు ధర క్వింటాలుకు 5,050 అయినా మాకు దక్కింది అంతకన్నా తక్కువే. ఇది చెబితే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "అయితే సుంకం వేయాల్సిందే. కానీ గాదెలు నిండాకనా?" అన్నాడు.

నా మాటా అదే. సుంకం వద్దనడం లేదు, నేను కంది రైతు కొడుకుని. కానీ దిగుమతికి తలుపులు తెరవడమూ మూయడమూ రెండూ చెప్పాపెట్టకుండానే జరుగుతున్నాయి. తర్వాత ఆ సుంకం తగ్గింది, పోయింది, 2025 మార్చిలో పది శాతమై మళ్లీ వచ్చింది. ధరలు అదుపు తప్పితే చేతులు కట్టుకుని కూర్చోలేమని మీ అధికారులు అనొచ్చు. నిజమే, కానీ ఆ అదుపు ఖరీదంతా అప్పటికే విత్తనం వేసేసినవాడు కడుతున్నాడు.

ఫిబ్రవరి ఒకటిన మీరు బడ్జెట్ చదువుతారు. పప్పుల సుంకమూ ఆ రోజే చెప్పి ఏడాది పాటు కదిలించకండి. ఇక్కడ విత్తేది ఏప్రిల్ నెలాఖరు తర్వాత, తాండూరులో జూన్‌లో. ఇద్దరికీ ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

సెప్టెంబరులో ఆయన మంచాన పడితే, ఇరుగుపొరుగు రైతులు తొమ్మిది హార్వెస్టర్లు తెచ్చి ఒక్క రోజులో పంట కోసిపెట్టారు. ఆ గింజలింకా గాదెలోనే ఉన్నాయి. అంత్యక్రియల నాడు, ఈ ఏడు మసూర్ ఎన్ని ఎకరాలు వేయొచ్చని ఆయన కూతురు నన్నడిగింది. ఫిబ్రవరి ఒకటి దాకా ఆగమన్నాను.