వెండికి బ్యాండ్ గ్యాప్ ఉండదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఆకు రసంతో వెండి నానో కణాలు తయారుచేసిన డిగ్రీ విద్యార్థుల గురించి వార్త చదివాను. ఫొటోలో నలుగురు పిల్లలు, పక్కన వాళ్ల సార్, ఒకమ్మాయి చేతిలో గోధుమరంగు నీళ్లున్న కోనికల్ ఫ్లాస్క్. ఈ కణాలు క్యాన్సర్‌కు, షుగర్‌కు మందుగా పనికొస్తాయని, దేశంలో ఇంతవరకు ఎవరూ చేయలేదని రాశారు. పిల్లల్ని తక్కువ చేయాలని ఈ ఉత్తరం రాయడం లేదు. నేను ఒక యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్స్ గదిలో టెక్నీషియన్‌ని. చుట్టుపక్కల కాలేజీల నుంచి ఇలాంటి సీసాలన్నీ వచ్చి చేరేది నా బల్ల మీదికే. వాటిని యూవీ-విజిబుల్ మెషీన్‌లో పెట్టి, ఏ రంగు వెలుగును ఎంత పీల్చుకుంటున్నాయో చూపే గ్రాఫ్ తీసిచ్చేది నేనే. మీ వార్తలో ఫ్లాస్క్ ఉంది, సార్ మాటలు ఉన్నాయి, ప్రిన్సిపాల్ అభినందనలు కూడా ఉన్నాయి. గ్రాఫ్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

ముందు "ఎవరూ చేయలేదు" అన్న మాట సంగతి చూద్దాం. వేపాకు కషాయంతో వెండి, బంగారం నానో కణాలు చేయొచ్చని పూణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో మురళీ శాస్త్రి బృందం 2004లోనే ప్రచురించింది. అదే ఏడాది వాళ్లే నిమ్మగడ్డి రసంతో బంగారాన్ని పల్చటి త్రిభుజం బిళ్లలుగా తెచ్చారు. ఆ బిళ్లలు కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా పీల్చుకుంటాయి. ఆకారం మారితే రంగు ఎలా మారుతుందో చూపించిన పని అది. ఆ తర్వాత తులసి, మునగ, కరివేపాకు, కలబంద, జామాకు అన్నీ అయిపోయాయి. ఇప్పుడు పెరట్లో ఇంకా ఎవరూ ముట్టుకోని మొక్క ఏదుందో వెతుక్కోవడమే ప్రాజెక్టు అయి కూర్చుంది. మొక్క కొత్తదైనంత మాత్రాన లోపల జరిగే కెమిస్ట్రీ మారదు. ఆకులోని పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్స్ సిల్వర్ నైట్రేట్‌లోని వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇస్తాయి, వెండి కణాలుగా గుమిగూడుతుంది, నీళ్ల రంగు తిరుగుతుంది.

ఆ రంగు ఎందుకొస్తుందో వార్తలో రెండు వాక్యాలు రాసి ఉంటే ఎంతో బాగుండేది. వెండి గ్లాసు తెల్లగా మెరుస్తుంది. అదే వెండి పది, ఇరవై నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) గుండ్రటి కణాలుగా నీళ్లలో తేలుతుంటే పసుపుపచ్చగా కనిపిస్తుంది. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడి ఉండవు. చిన్న కణం మీద వెలుగు పడితే అవన్నీ కలిసి, పళ్లెంలో నీళ్లు ఊగినట్టు, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఊగుతాయి. ఆ ఊపు ఏ రంగు వెలుగుతో కుదిరితే ఆ రంగును కణం లాగేసుకుంటుంది. వెండికి అది 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఊదారంగు దగ్గర కుదురుతుంది. ఊదా పోతే మనకు మిగిలేది పసుపు. బంగారానికి 520 దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర కుదురుతుంది కాబట్టి నానో బంగారం నీళ్లు ఎర్రగా ఉంటాయి. దీన్నే సర్ఫేస్ ప్లాస్మాన్ రెసొనెన్స్ అంటారు. లండన్‌లో మైకేల్ ఫారడే ఇలాంటి ఎర్రటి బంగారు నీళ్లను చేసి, ఆ రంగు సూక్ష్మమైన బంగారం వల్లనే వస్తోందని 1857లో చెప్పాడు. ఆయన చేసిన సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. గుండ్రటి కణం వెలుగును ఎంత పీల్చుకుంటుందో, ఎంత వెదజల్లుతుందో లెక్క కట్టింది 1908లో గుస్తావ్ మీ అనే జర్మన్ శాస్త్రవేత్త.

ఇక నా బల్ల సంగతి. మార్చి వచ్చిందంటే పిల్లలు నా గది ముందు లైను కడతారు. నీళ్ల సీసాల్లో, దగ్గుమందు సీసాల్లో, మూతికి పాలిథిన్ కట్టిన టెస్ట్‌ట్యూబుల్లో శాంపిల్స్ తెస్తారు. కొన్నిటి అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. బస్సులో వచ్చేలోపే కణాలు ఒకదానికొకటి అతుక్కుని కిందికి దిగిపోయాయన్నమాట. "అన్నా, కాస్త ఊపి పెట్టేయవా, రేపే వైవా" అంటారు. వాళ్ల టెన్షన్ వాళ్లది. చిక్కటి శాంపిల్‌ను పల్చన చేయకుండా అలాగే పెడితే వెలుగు అవతలికి దాటదు. గ్రాఫ్ పైకెళ్లి అక్కడే ఆగిపోయి, గరుకు గరుకుగా కొట్టుకుంటుంది. డిటెక్టర్‌కు వెలుగు అందక పుట్టే గోల అది. ఆ గోలలో కాస్త ఎత్తుగా లేచిన ముల్లును పెన్నుతో చుట్టి, పక్కన పీక్, అంటే శిఖరం, అని రాసుకుని వెళ్లినవాళ్లున్నారు. ఇంకో తమాషా ఉంది. మెషీన్‌లో రెండు దీపాలుంటాయి. అతినీలలోహితానికి డ్యుటీరియం దీపం, కంటికి కనిపించే వెలుగుకు టంగ్‌స్టన్ దీపం. 350 నానోమీటర్లకు అటూ ఇటూగా ఒకదాని పని రెండోది అందుకుంటుంది. మెషీన్ పాతదైతే గ్రాఫ్‌లో అక్కడ చిన్న మెట్టు పడుతుంది. ఆ మెట్టును కూడా నానో కణాల ఖాతాలో రాసిన ప్రాజెక్టు రిపోర్టు నా కళ్లతో చూశాను. ఏ కాలేజీదో చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, అది ఒక్క కాలేజీతో ఆగిన జబ్బు కాదు.

ఆకు రసాన్ని విడిగా తెమ్మంటే ఎక్కువమంది తేరు. రసం కూడా సొంతంగా వెలుగును పీల్చుకుంటుంది, ముఖ్యంగా 250 నుంచి 350 దాకా. ముందు దాని గ్రాఫ్ తీస్తే కదా రసం వాటా ఎంతో, వెండి వాటా ఎంతో తెలిసేది. శుభ్రమైన వెండి ద్రావణానికి 320 దగ్గర గ్రాఫ్ బాగా కిందికి దిగి, ఆ తర్వాత 400 వైపు నిటారుగా లేస్తుంది. ఆకు రసం శాంపిల్స్‌లో ఆ దిగుడు కనబడదు. 420, 440 దగ్గర వెడల్పాటి దిబ్బ ఒకటి ఉంటుంది. వెడల్పుగా ఉందంటే కణాలన్నీ ఒక సైజులో లేవని, లేదా ముద్దలు కట్టాయని. ఇదీ ఒక ఫలితమే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ రిపోర్టులో మాత్రం "ఒకే సైజు గోళాకార కణాలు" అనే ఉంటుంది.

ఆకుల్లో క్లోరైడ్ ఉంటుంది, బోరు నీళ్లలో అయితే చెప్పక్కర్లేదు. సిల్వర్ నైట్రేట్‌కు క్లోరైడ్ తగిలితే ఏమవుతుందో ఇంటర్ సాల్ట్ అనాలిసిస్ చేసిన ప్రతివాడికీ తెలుసు: తెల్లటి అవక్షేపం. ఎక్స్-రే పరీక్షలో వెండికి 38, 44, 64, 77 డిగ్రీల కోణాల దగ్గర గీతలు రావాలి. చాలా గ్రాఫుల్లో 32, 46 దగ్గర కూడా బలంగా వస్తాయి. అవి సిల్వర్ క్లోరైడ్‌వి. వాటి మీద చుక్క గుర్తు పెట్టి, ఆకులోని సేంద్రియ పదార్థమని కింద రాసేస్తారు.

అన్నిటికన్నా నాకు నవ్వు తెప్పించేది వెండికి బ్యాండ్ గ్యాప్ కట్టడం. పదార్థంలో ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదలాలంటే దాటాల్సిన శక్తి అంతరమే బ్యాండ్ గ్యాప్. బ్యాండ్ గ్యాప్ సెమీకండక్టర్‌కు ఉంటుంది. కాడ్మియం సల్ఫైడ్‌కు 2.4, జింక్ ఆక్సైడ్‌కు 3.3 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంటుంది. అంతకు తక్కువ శక్తి ఉన్న వెలుగును అది వదిలేస్తుంది, ఎక్కువ ఉన్నదాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి దాని గ్రాఫ్ గట్టులా ఒకచోట లేస్తుంది. ఆ గట్టు ఎక్కడుందో తేల్చడానికే టాక్ ప్లాట్ అనే ఇంకో గ్రాఫ్ గీస్తారు. వెండి లోహం. దానికి గ్యాప్ లేదు, లేదు కాబట్టే కరెంటు అంత బాగా పారుతుంది. దాని గ్రాఫ్‌లో ఉండేది గట్టు కాదు, దిబ్బ. అయితే దిగువకు వాలే ఏ వంపు మీదైనా స్కేలు పెట్టి గీత గీయొచ్చు, సాఫ్ట్‌వేర్ కూడా అడ్డుచెప్పదు. ఏదో ఒక అంకె వస్తుంది, దాన్ని దశాంశాలతో సహా రిపోర్టులో ఎక్కిస్తారు. వైవాకు వచ్చిన పెద్దలు దాన్ని ఒక్కసారైనా అడగాలా వద్దా?

సెమీకండక్టర్ సంగతి వేరు, అది నిజంగా విచిత్రం. కొన్ని నానోమీటర్లకు తగ్గిస్తే దాని గ్యాపే పెరుగుతుంది. లోపల ఎలక్ట్రాన్ తిరగడానికి చోటు ఇరుకయ్యేకొద్దీ దాని శక్తి పెరుగుతుంది. సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులో కాపర్ క్లోరైడ్ స్ఫటికాలను పెంచి 1981లో దీన్ని చూపించాడు. అమెరికాలో లూయిస్ బ్రస్ 1983లో ద్రావణంలో తేలే కాడ్మియం సల్ఫైడ్ కణాల్లో చూశాడు. బ్రస్ కథ మన పిల్లలకు చెప్పాలి. ఆయన ద్రావణం కొన్నాళ్లు బల్ల మీద ఉండిపోయింది. మళ్లీ పరీక్షిస్తే వెలుగును పీల్చుకునే తీరు మారిపోయి ఉంది. 4.5 నానోమీటర్ల కణాలు 12.5 నానోమీటర్లకు పెరిగాయి. మన సీసాల్లోనూ కణాలు పెరగడం, అతుక్కోవడం రోజూ జరుగుతూనే ఉంటుంది. కాకపోతే ఆయన రెండోసారి కొలిచాడు. 1993లో మౌంగీ బావెండి బృందం బాగా వేడెక్కిన ద్రావకంలోకి ముడిపదార్థాలను ఒక్కసారిగా ఎక్కించి, దాదాపు ఒకే సైజు కాడ్మియం సెలినైడ్ కణాలు తెచ్చింది. రెండు నానోమీటర్లది నీలం వైపు, ఆరు నానోమీటర్లది ఎర్రగా వెలుగుతుంది. పదార్థం ఒక్కటే. 2023లో ఈ ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు టీవీ షాపుల్లో క్యూఎల్ఈడీ అని అమ్మేది ఈ కణాల పొర ఉన్న టీవీలనే.

అలాగని డిగ్రీ ల్యాబుల్లో కాడ్మియం జోలికి వెళ్లమని అననుగాక అనను. అది విషం, దాని వ్యర్థాలను పారబోయడానికి మన కాలేజీల్లో సింకు తప్ప ఇంకో దారి లేదు. పిల్లలకు బంగారం చేయించండి. టర్కెవిచ్ 1951లో రాసిన పద్ధతి, ఫ్రెన్స్ 1973లో సైజులకు కొలతలు కట్టిన పద్ధతి. 0.01 శాతం గోల్డ్ క్లోరైడ్ ద్రావణం 50 మిల్లీలీటర్లు తీసుకుని తెర్లే దాకా కాచాలి. 1 శాతం సోడియం సిట్రేట్ 1 మిల్లీలీటరు ఒక్క దెబ్బన పోయాలి. ఉన్న కాస్త లేత పసుపూ పోతుంది. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. అంతలో బూడిద నీలం కమ్ముకుంటుంది, అది ఊదాగా ముదురుతుంది, మరి కాసేపటికి ద్రాక్షసారా ఎరుపులో స్థిరపడుతుంది. అప్పుడు సైజు 16 నానోమీటర్ల దాకా ఉంటుంది. సిట్రేట్‌ను 0.16 మిల్లీలీటర్లకు తగ్గిస్తే 147కు వెళ్తుందని ఫ్రెన్స్ కొలతలు చెబుతాయి. చల్లారాక కొంచెం తీసి చిటికెడు ఉప్పు వేయండి. కళ్లముందే నీలంగా మారుతుంది. కణాలను దూరంగా ఉంచే విద్యుదావేశాన్ని ఉప్పు కప్పేస్తుంది, అవి దగ్గరికి చేరతాయి, పీక్ 520 నుంచి ఎరుపు వైపు జరిగిపోతుంది. మందుల షాపులో దొరికే ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్లలో చాలావాటిలో ఎర్రగీత ఈ బంగారమే. ఖర్చు గురించి భయపడతారు గానీ, ఒక గ్రాము గోల్డ్ క్లోరైడ్‌తో ఈ ద్రావణం పది లీటర్లు వస్తుంది, అంటే రెండు వందల ప్రయోగాలు. గాజుసామాను మాత్రం ఆక్వా రీజియాతో, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల ఘాటైన మిశ్రమంతో, కడగాలి. ఆ పని పిల్లలకు వదలకూడదు, మాలాంటివాళ్లం చేయాలి.

మందుల మాటకొస్తే, అక్కడ మీ వార్త మీద నాకు నిజంగా కోపం వచ్చింది. గాజు పళ్లెంలో బ్యాక్టీరియా చచ్చిందంటే మనిషికి క్యాన్సర్ తగ్గుతుందని అర్థం కాదు. వెండి నీళ్లను ఏళ్ల తరబడి తాగినవాళ్ల చర్మం నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, మళ్లీ మామూలుగా అవ్వదు. దానికి ఆర్జీరియా అని పేరు. నోటికి తీసుకునే వెండి ద్రావణాలను సురక్షితమైన మందులుగా గుర్తించలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే ప్రకటించింది. నానో వెండి పనికిరానిదని నేననడం లేదు. మద్రాస్ ఐఐటీలో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం దాంతోనే తాగునీటిలో పురుగుమందుల అవశేషాలు తీసే ఫిల్టర్ తెచ్చింది. మన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో టి.పి. రాధాకృష్ణన్ బృందం పాలిమర్ పొర లోపలే వెండి కణాలు పుట్టించి, లేజర్ వెలుగు తీవ్రత పెరిగితే అడ్డుకునే పొరలు చేసింది. ఇలాంటి వార్తలు మీ పేజీల్లో నాకు పెద్దగా కనబడవు.

మీ విలేకరులకు ఒక మాట చెప్పండి. ఇలాంటి ప్రెస్ నోట్ వచ్చినప్పుడు పీక్ ఎక్కడ వచ్చింది, ఆకు రసాన్ని విడిగా కొలిచారా, వారం తర్వాత మళ్లీ చూశారా, సైజును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎవరు చూశారు అని అడగమనండి. జవాబు చెప్పగలిగిన పిల్లల ఫొటో మొదటి పేజీలో వేసినా తప్పులేదు. చెప్పలేకపోతే ఆ తప్పు పిల్లలది కాదు. పక్కన నిలబడ్డ సార్‌ని ఇంకో ప్రశ్న అడగాలి.

వచ్చే మార్చిలో నా దగ్గరికి వచ్చేవాళ్లకు కూడా ఈ ఉత్తరం ద్వారానే చెబుతున్నాను. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగిన ముదురురంగు గాజు సీసాలో తీసుకురండి. చేసిన తేదీ, సమయం చీటీ మీద రాయండి. ఆకు రసం వేరే సీసాలో తెండి. వైవా ముందు రోజు సాయంత్రం మాత్రం రాకండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
గుంటూరు జిల్లా